మూడు డబ్బాల గేరుబాక్సు

గేరుబాక్సు విప్పడం ఎవరికైనా వస్తుంది. చేతిలో పానాలుంటే చాలు. మళ్లీ బిగించడం కూడా చాలామందికి వస్తుంది. బిగించిన తర్వాత బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, గుండె దడ లేకుండా ఊరు దాటి పోగలిగినవాడే మెకానిక్. ఈ తేడా నాకు తెలియడానికి పదేళ్లు పట్టింది. అది కూడా ఒకరికి నష్టం చేశాకే తెలిసింది.

వరంగల్‌లో కాశిబుగ్గ పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో నా జీవితమంతా గడిచింది. లారీలు, జీపులు, టాక్సీలు, ట్రాక్టర్లు ఎన్నో చూశాను. గేరుబాక్సును మేం డబ్బా అనేవాళ్లం. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు, ఆడపిల్లలు కూడా వస్తున్నారిప్పుడు, "తాతా, నువ్వు చేసినవాటిలో ఏ డబ్బా కష్టం?" అని అడుగుతుంటారు. లారీ పేరు చెబుతానని అనుకుంటారు. నేను ఒక చిన్న ఎర్ర కారు సంగతి చెబుతాను. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు చెప్పకుండా దాటేసిన ఒకటి రెండు మాటలు కూడా కలిపి.

ఉస్తాద్ జేబులోని గేజి

షెడ్డు కొమురయ్య ఉస్తాద్‌ది. మనిషి పొట్టి, మాట తక్కువ. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన ఫీలర్ గేజి పెట్టుకునేవాడు. పలచని ఉక్కు రేకుల కట్ట అది. రెండు భాగాల మధ్య ఎంత సందు ఉందో ఆ రేకు దూర్చి చూస్తారు. పెళ్లికి పోయినా ఆయన జేబులో అది ఉండేది.

డబ్బా విప్పినప్పుడు నేల మీద తెల్ల గుడ్డ పరిచి, తీసిన ప్రతి ముక్కనూ తీసిన వరసలో పెట్టించేవాడు. మగ్గాల దగ్గర మిగిలిన నూలు పోగులు మాకు తుడవడానికి పనికొచ్చేవి. ఒకసారి నేను వాటితో బేరింగు తుడిస్తే ఒక పోగు లోపల చిక్కుకుంది. ఆయన నన్ను తిట్టలేదు. సూది చేతికిచ్చి, పోగంతా బయటికి వచ్చేదాకా కూర్చోబెట్టాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం వేళయింది.

"చెయ్యి అబద్ధమాడుతది బిడ్డా, గేజి ఆడదు" అనేవాడు. నేను తల ఊపేవాణ్ని. లోపల మాత్రం నా వేళ్ల మీద నాకు గర్వం ఉండేది. గేరు పట్టుకుని తిప్పితే చాలు, లోపల ఏముందో చెప్పగలననుకునేవాణ్ని. చాలాసార్లు నిజంగానే చెప్పేవాణ్ని. అదే నన్ను చెడగొట్టింది.

ఎర్ర కారు

డెబ్బైల చివర ఒక రోజు, వీరేశం సేటు తన కారును ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు తెచ్చాడు. ఆయనకు బజారులో కంచు, ఇత్తడి గిన్నెల దుకాణం. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కారు ఇంగ్లండు నుంచి వచ్చింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు భాగం పొడుగ్గా గుర్రం మూతిలా ఉండేది. ఒక దొర దేశం వదిలి పోతూ అమ్మితే వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నాడట. డబ్బా పగిలి పదేళ్లకు పైగా గిన్నెల గోదాములో టార్పాలిను కింద పడి ఉంది.

వెంట ఆయన భార్య అనసూయమ్మ కూడా వచ్చింది. ఆమె పుట్టిల్లు పరకాల. పెళ్లయిన కొత్తలో, ఈ కారులో కూర్చోబెట్టుకుని పుట్టింటికి తీసుకుపోతానని సేటు మాటిచ్చాడట. ఉమ్మడి కుటుంబం. కోడలు నలుగురి కళ్ల ముందు మొగుడి పక్కన కూర్చుని పోవడమేమిటని అత్తగారు ఒప్పుకోలేదు. ఆమె పిల్లల్ని వేసుకుని ఎప్పుడూ బస్సులోనే పోయింది. అత్తగారు పోయేనాటికి కారు ఆగిపోయింది.

"ఒక్కపాలి గూడ కూసోలేదా అమ్మా?" అని అడిగాను.

"కూసున్న. గోదాముల టార్పాలిను కింద. పప్పు గిన్నెలు లెక్కవెట్టుకుంట" అని ఆమె నవ్వింది.

సేటు మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "జర జల్ది చెయ్యి మొగిలీ" అన్నాడు.

జతలు

డబ్బా తెరిస్తే అడుగున సూదుల్లాంటి రోలర్లు, విరిగిన పళ్లు పప్పులో రాళ్లలా కనిపించాయి. మూడో గేరు బోడి అయిపోయింది. కింది షాఫ్టు మీద గేర్లన్నీ కలిసి ఒకే దిమ్మగా ఉంటాయి. ఆ దిమ్మ పళ్లు కూడా పోయాయి. దాని సామాను దేశంలో దొరకదు. ఉస్తాద్, నేను హైదరాబాదు పాత సామాన్ల బజారుకు పోయి రెండు రోజులు ఇనుప కుప్పలు తవ్వాం.

అదృష్టం ఏమిటంటే, ఆ దొరల కార్లను, మన టాక్సీలను, చిన్న వ్యాన్లను నమూనా గీసి తయారుచేసింది ఒకే రకం చేతులు. గేర్లుండే పెట్టె కొలతలు కలుస్తాయి. పళ్ల లెక్క కలవదు. గేర్లు ఎప్పుడూ జతలుగా ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి, ఏళ్ల తరబడి ఒకదాని పళ్లు ఒకటి అరగదీసుకుని కుదురుకుంటాయి. జతలో ఒకదాన్ని మారిస్తే కొత్త కాపురంలా గోల చేస్తాయి. అందుకని ఆ కుప్పల్లో దొరికిన ఒక వ్యాను డబ్బాలోంచి దిమ్మను, ముందు షాఫ్టును, ఒకటి, రెండు గేర్లను జతలుగా తీసుకున్నాం. వ్యాను డబ్బాలో మూడో గేరు పగిలి ఉంది. అది టాక్సీ డబ్బాలోంచి తెచ్చాం. పళ్ల లెక్క సరిపోయింది, కానీ అది దిమ్మకు పరాయిది. పెట్టె, మీటలు, కడ్డీలు కారువే. అలా మూడు డబ్బాలు ఒకటయ్యాయి.

ఇక మిగిలింది దిమ్మకు రెండు చివర్లా ఉండే వాషర్లు. దిమ్మ అటూ ఇటూ జరగకుండా ఆపేవి అవే. పాతవి అరిగిపోయాయి, వ్యానువి మందం కలవలేదు.

"దేనితోని చేస్తరు అవి?" అని సేటు అడిగాడు.

"కంచుతోని సేట్."

"కంచు కోసం ఫికర్ ఎందుకు? మా దుకాణంల లేదా?" అని ఇంటికి పోయి ఒక పాత కంచం పట్టుకొచ్చాడు. లేత్ మీద కోసి, సానరాయి మీద నేనే నునుపు చేశాను. అంత అందమైన వాషర్లు నా చేతుల్లో మళ్లీ తయారు కాలేదు.

ఆ రోజుల్లో సేటు రోజూ షెడ్డుకు వచ్చేవాడు. "ఎంత దాక వచ్చింది?" అని ఒకటే మాట. డబ్బున్నవాడి తొందర అనుకుని లోలోపల విసుక్కున్నాను. ఎందుకు తొందర అని ఒక్కసారైనా అడగలేదు.

దిమ్మ బిగించే రోజు ఉస్తాద్ చుట్టాల ఇంటికి వర్ధన్నపేట పోయాడు. "సందు గేజితోని చూసినంకనే మూత పెట్టు" అని చెప్పి మరీ పోయాడు. తన గేజి తీసి బల్ల మీద పెట్టాడు. వాషరుకు, దిమ్మకు మధ్య రెండు వెంట్రుకలంత సందు ఉండాలి. వేడికి లోహం పెరుగుతుంది, నూనె నిలవడానికి కూడా చోటు కావాలి. నేను వేలితో తిప్పి చూశాను. మెత్తగా, వెన్నలా తిరిగింది. బయట సేటు నిలబడి ఉన్నాడు. గేజి ముట్టుకోలేదు. మూత పెట్టేశాను.

ఆత్మకూరు దాటాక

మర్నాడు పొద్దున కారు పరీక్షకు తీశాను. సేటు తానూ వస్తానని పక్క సీట్లో కూర్చున్నాడు. పరకాల రోడ్డు పట్టాం. మూడో గేరులో కొంచెం కూత వినిపించింది కానీ మిగతావి పట్టులా పడ్డాయి. సేటు తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని గాలికి నవ్వుతున్నాడు.

ఆత్మకూరు దాటి కొంత దూరం పోయాక, కింద నుంచి కీచుమని ఒక చప్పుడు వచ్చింది. మరు క్షణం వెనుక చక్రాలు బిగుసుకుపోయాయి. కారు సగం చుట్టు తిరిగి, రోడ్డు దిగి, ఒక చక్రం కాలువలో పెట్టి ఆగింది. ఎదురుగా లారీ రాలేదు. వచ్చి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

సేటుకు దెబ్బ తగల్లేదు. కళ్లద్దాలు మాత్రం ఎగిరి కింద పడ్డాయి. ఆయన కాళ్ల పక్కనే, ఎండలో మెరుస్తూ కనిపిస్తున్నాయి. ఆయన చేతులు ఎక్కడెక్కడో తడుముతున్నాయి. నేను తీసి చేతిలో పెట్టాను.

"పక్కలకు కనపడ్తలేదు మొగిలీ" అన్నాడు నెమ్మదిగా. "బొంగుల నుంచి చూసినట్టు ఉంటాంది. నీటి కాసులంట. దవాఖానల చెప్పిన్రు, పోయిన చూపు రాదు, ఉన్నది గూడ మెల్లగ పోతదని. ఉన్నప్పుడే ఆమెను ఒక్కపాలి పరకాల తోల్కపోదామని. ఆమెకు ఇంకా చెప్పలే."

అప్పుడైనా నా నోట నిజం రావాల్సింది. "ఏం జరిగింది?" అని ఆయన అడిగితే నేనన్న మాట ఇది: "పాత సామాను సేట్. కుప్పల పడి ఉన్నది. లోపల ఏమున్నదో ఎవలకు ఎర్క?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. 

కంచు చప్పుడు

కారును ఎడ్లబండికి కట్టి తెచ్చి డబ్బా విప్పాం. నూనె మాడిన వాసన. నా అందమైన వాషరు నల్లబడి దిమ్మకు అతుక్కుపోయింది. దిమ్మ పళ్లు చెడిపోయాయి. ఊరి నుంచి తిరిగొచ్చిన ఉస్తాద్ వాషరును గోరుతో గీకి చూశాడు. బల్ల మీద తాను పెట్టిపోయిన గేజి అక్కడే ఉంది, దాని మీద దుమ్ము కూడా.

"సేటుకు ఏమని చెప్పినవ్?"

"సామాను పాతదని."

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "సామానుకు నోరు లేదని దాని మీద ఏసినవా? పో. దుకాణానికి పోయి చెప్పిరా. నేను రాను."

కొట్టినా అంత బాధ పడేవాణ్ని కాదు. సైకిలెక్కి బజారుకు పోయాను. దుకాణంలో సేటు గద్దె మీద ఉన్నాడు, అనసూయమ్మ తక్కెడ దగ్గర ఉంది. మెట్టు ఎక్కకుండానే చెప్పేశాను.

"సేట్, సామాను తప్పు లేదు. తప్పు నాది. గేజి పెట్టకుండ బిగించిన."

"నాకు ఎర్కనే" అన్నాడు.

నేను బిత్తరపోయాను. ఆయన పక్కనున్న కంచు చెంబును వేలితో కొట్టాడు. గంటలా మోగింది. "ముప్పై ఏండ్ల సంది కంచు అమ్ముతాన. చప్పుడు వింటె ఏది మంచిదో, ఏది పగిలిందో తెలుస్తది. ఆ దినం నీ మాట పగిలిన గిన్నె లెక్క ఉండె."

తల ఎత్తలేకపోయాను. అనసూయమ్మ తక్కెడ కింద పెట్టింది. అప్పటికి ఆమెకు కళ్ల సంగతి తెలిసిపోయిందని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

"చెప్పుడు అయిపాయె గద" అన్నది. "ఏడ్సుకుంట కూసుంటె బండి అయితదా? పో, పని చూస్కో."

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. పనిలో తప్పు జరుగుతుంది, జరగని చెయ్యి లేదు. తప్పు జరిగిన రోజు పొద్దు గూకేలోగా యజమానికి చెప్పండి. మర్నాటికి అది తప్పు కాదు, అబద్ధం అవుతుంది. అబద్ధానికి ఏ బజారులోనూ సామాను దొరకదు.

రెండే సీట్లు

ఇంకో వ్యాను దిమ్మ దొరకడానికి వానలు పోయి, చలి కూడా పోయింది. ఈసారి సందు నేను మూడుసార్లు చూశాను, ఉస్తాద్ నాలుగోసారి చూశాడు. కారును చెక్క మొద్దుల మీద ఎత్తి చక్రాలు గాలిలో తిరుగుతుండగా సగం పూట ఇంజను నడిపాం. డబ్బా మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే.

కారు తయారైందని కబురు పంపితే ఇద్దరూ వచ్చారు. సేటు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గేరు కడ్డీ పట్టుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసి చూశాడు. ఇంజను స్టార్టు చేయలేదు. కాసేపటికి కిందికి దిగాడు.

"నాతోని కాదు. సైకిలోడు అడ్డమొస్తె నాకు కనపడడు. మంది పాణాల మీదికి ఎందుకు?"

ఆ కొన్ని నెలలు ఆయన దగ్గర నుంచి తీసుకున్నది నేను. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా, "నేను నడుపుత సేట్, పరకాల ఎంత దూరం" అన్నాను.

అనసూయమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఉన్నయి రెండు సీట్లు. నువ్వు నడిపితె మా ఇద్దరిల ఒకలమే పోవాలె. ఒక్కదాన్ని పోయేటందుకు బస్సు లేదా?" అని, డ్రైవరు వైపు తలుపు తీసింది. "దీంట్ల మొగోడే కూసోవాలెనని యాడ రాసున్నది?"

సేటు, నేను ముఖాలు చూసుకున్నాం. షెడ్డు లోపల నుంచి ఉస్తాద్ నవ్వు వినిపించింది. ఆయన గట్టిగా నవ్వగా నేను విన్నది అదొక్కసారే.

ఆమెకు అప్పటికి యాభై దాటాయి. ఆదివారాలు పత్తి యార్డు ఖాళీగా ఉండేది. అక్కడ నేర్పడం మొదలుపెట్టాను. చీర కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో క్లచ్ తొక్కేది. ఆమె గేరు మార్చినప్పుడల్లా లోపల పళ్లు కొరికిన చప్పుడు వస్తే నా పళ్లు జివ్వుమనేవి. "బజారోళ్లు ఏమంటాన్రమ్మా?" అని ఒకనాడు అడిగాను. "ఈ వయసుల షోకులంటాన్రు. వయసుల ఉన్నప్పుడు చెయ్యనియ్యకపోతిరి గద అని చెప్పిన" అని గేరు వేసింది.

నెల రోజులు చూసి సేటు నన్ను దించేసి తాను పక్కన కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ఇంజను వినేవాడు. "ఆగు... ఆగు... ఇగ ఎయ్యి" అనేవాడు. ఆయన అన్న క్షణాన వేస్తే గేరు చప్పుడు లేకుండా పడేది. నేను నెల రోజుల్లో నేర్పలేనిది ఆయన రెండు ఆదివారాల్లో నేర్పాడు.

మూడో గేరు కూత మాత్రం పోలేదు. పరాయి జత కదా. నాకది ముల్లులా ఉండేది. "సేట్, సరైన జత దొరికినంక విప్పి మారుస్త" అన్నాను.

"వద్దు. దాన్ని ముట్టుకోకు" అన్నాడు. "కడమ గేర్లు సప్పుడు చెయ్యవు. ఇది కూస్తె, ఆమె మూడుల ఉన్నదని నాకు ఎరుకైతది. నాకు కనపడే గేరు అదొక్కటే."

నేను పానా కింద పెట్టేశాను. ఆ తర్వాత ఏ బండి వచ్చినా, పని మొదలుపెట్టే ముందు ఆ మనిషికి ఏం కావాలో అడగడం అలవాటు చేసుకున్నాను. మనకు దోషంగా కనిపించేదంతా వాళ్లకు దోషం కాకపోవచ్చు. గేజి కొలిచేది సందును మాత్రమే.

పరకాల

ఆమెకు లైసెన్సు వచ్చిన వారంలో ఇద్దరూ బయలుదేరారు. పొద్దున టిఫిను వేళ షెడ్డు ముందు ఆగి, నూనె, నీళ్లు చూపించుకుని పోయారు. మధ్యాహ్నం భోజనానికి తిరిగి వస్తామన్నారు. ఆమె తలకు కొంగు బిగించి కట్టుకుంది. ఆయన ఇస్త్రీ ధోవతి కట్టాడు, పెళ్లికొడుకులా ఉన్నాడు. కారు మలుపు తిరిగేదాకా మూడో గేరు కూత వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం దాటింది. వాళ్లు రాలేదు. నేను ఒక జీపు కింద పడుకున్నాను కానీ చెయ్యి ఆడలేదు. మూడు గంటలయ్యేసరికి ఉస్తాద్ కూడా రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. జేబులోని గేజిని తీయడం, పెట్టడం, అదే పని. నాలుగు దాటాక నేను జీపు యజమానిని బతిమాలి బండి అడిగాను. తాడు, పానాలు, నూనె డబ్బా వెనుక వేశాను. నా కళ్ల ముందు ఆత్మకూరు రోడ్డు, కాలువలో చక్రం, అంతే.

జీపు తిప్పుతుండగా ఎర్ర కారు వచ్చింది. ముందు భాగమంతా దుమ్ము, అద్దం మీద పురుగులు. సేటు ఒళ్లో తాటిముంజలు కట్టిన ఆకుల మూట ఉంది. ఇద్దరి ముఖాలూ ఎండకు కందిపోయి ఉన్నాయి.

పరుగెత్తుకుంటూ పోయాను. "ఏడ ఆగిపోయిందమ్మా? ఏమైంది? డబ్బా పట్టేసిందా?"

అనసూయమ్మ ఇంజను ఆపి, కొంగు విప్పి ముఖం తుడుచుకుంది.

"పరకాల పోయినం, మా తమ్మునింట్ల సాయ తాగినం. మల్ల ఎక్కినంక రోడ్డు మంచిగుండె. అట్లనే ముంగటికి భూపాలపల్లి దాక పోయినం" అన్నది. "బండి ఆగలే మొగిలీ. నేనే ఆపలే."